శేషాల లెక్కలకు షార్ట్‌కట్‌లు బట్టీపట్టాలా, మాడ్యులర్ అరిథ్మెటిక్ నేర్చుకోవాలా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీరు రైల్వే, గ్రూప్-2 రెండింటికీ కలిపి చదువుతున్నారు. శేషాల లెక్కలకు కోచింగ్‌లో నలభై దాకా షార్ట్‌కట్‌లు రాయించారు, హాల్లో కూర్చున్నాక ఏది దేనికో గుర్తురాక టెన్షన్ పడుతున్నారు. మాడ్యులర్ అరిథ్మెటిక్, అంటే సంఖ్యల బదులు వాటి శేషాలతోనే లెక్క చేసే పద్ధతి, నేర్చుకుంటే ఇవన్నీ అక్కర్లేదని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగారు. పైగా 2¹⁰⁰ను 7తో భాగిస్తే మీకు శేషం 4 వచ్చింది, కీలో 2 ఉంది, ఎక్కడ తప్పిందో తెలియలేదన్నారు. 7²²²ను 100తో భాగిస్తే శేషం ఎంతో కూడా అడిగారు.

నిజమే, నేర్చుకోండి. విశాఖలో ద్వారకానగర్‌లో ఇరవై రెండేళ్లుగా పోటీ పరీక్షల లెక్కలు చెబుతున్నాను. ఆ నలభై షార్ట్‌కట్‌లూ ఒకే ఆలోచనకు నలభై వేషాలు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక అనుమతి, రెండు హెచ్చరికలు. అంతే.

అనుమతి: కూడిక, తీసివేత, గుణకారం మాత్రమే ఉన్న లెక్కలో ఏ సంఖ్య బదులైనా దాని శేషాన్ని పెట్టుకోవచ్చు. ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా.

మొదటి హెచ్చరిక: పవర్‌గా పైన కూర్చున్న సంఖ్యకు ఈ అనుమతి లేదు.

రెండో హెచ్చరిక: దేన్నైనా కొట్టేసే ముందు, అంటే భాగించే ముందు, గ.సా.భా. చూడాలి.

మీ 4 మొదటి హెచ్చరిక దగ్గర పుట్టింది. 100ను 7తో భాగిస్తే శేషం 2 కాబట్టి 2¹⁰⁰ బదులు 2² అని రాసి ఉంటారు. పైన ఉన్న 100 ఒక సంఖ్యలా కనిపిస్తుంది కానీ, అది 2ను ఎన్నిసార్లు గుణించామో చెప్పే లెక్క మాత్రమే. ఆ లెక్కకు 7తో సంబంధం లేదు, దాని చుట్టు వేరు. 2, 4, 8 అని రాసుకుంటూ పోండి. 8ని 7తో భాగిస్తే 1. అంటే మూడు గుణకారాలకు ఒకసారి 1కి తిరిగొస్తాం. కాబట్టి 100ను భాగించాల్సింది 3తో. 100 = 3×33 + 1. మిగిలింది ఒక్క 2. జవాబు 2.

నాకు ఈ విషయం మొదట తెలిసింది స్కూల్లో కాదు, మా ఇంట్లో గోడ క్యాలెండర్ దగ్గర. మా నాన్నగారు గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. రెండు రోజులు ఎ షిఫ్టు, రెండు రోజులు బి, రెండు రోజులు సి, తర్వాత రెండు రోజులు ఆఫ్. ఎనిమిది రోజుల చుట్టు. సి షిఫ్టంటే రాత్రి పదికి వెళ్లి పొద్దున్న ఆరుకు రావడం. పండగ దగ్గరపడుతుంటే మాకు ఒకటే ధ్యాస, భోగి మంట వేసేటప్పుడు నాన్న ఇంట్లో ఉంటారా లేదా అని. అమ్మ క్యాలెండర్ మీద ఒక్కో రోజూ వేలు పెట్టి ఎ, ఎ, బి, బి అంటూ లెక్కపెట్టేది. ఒకసారి భోగి 45 రోజుల్లో ఉంది, ఆ రోజు నాన్నగారికి ఎ షిఫ్టు మొదటి రోజు. నేను 45లోంచి 40 తీసేశాను. ఐదు ఎనిమిదులు నలభై, ఆ నలభై రోజులూ తిరిగి మొదటి చోటికే తెస్తాయి, ఇక ఐదు రోజులు లెక్కపెడితే చాలు. సి షిఫ్టు రెండో రోజు. అంటే ముందు రాత్రి డ్యూటీకి వెళ్లి, భోగి పొద్దున్న మంట ఆరిపోయాక వస్తారు. నిజంగానే అలాగే జరిగింది. జవాబు నచ్చలేదు కానీ ఆ పద్ధతి నన్ను వదల్లేదు.

ఆ రోజు నేను చేసిందే ఈ విద్య మొత్తం. 45, 5 వేర్వేరు సంఖ్యలు. కానీ ఎనిమిది రోజుల చుట్టులో రెండూ ఒకే చోట నిలబడతాయి. దీన్నే 45 ≡ 5 (మాడ్ 8) అని రాస్తాం. ఈ మూడు గీతల గుర్తును 1801లో జర్మన్ గణితవేత్త గౌస్ తన పుస్తకంలో ప్రవేశపెట్టాడు, అప్పటికి అతని వయసు 24. సమానం గుర్తుకు ఇంకో గీత చేర్చడం ఊరికే చేసిన పని కాదు. సమానంతో మనం చేసే పనుల్లో చాలావరకు దీంతోనూ చేయొచ్చని ఆ గుర్తే చెబుతుంది. రెండు వైపులా కూడొచ్చు, తీసేయొచ్చు, గుణించొచ్చు. కొట్టేయడం ఒక్కటే జాగ్రత్తగా చేయాలి.

రుణ శేషాలకు భయపడకండి. మా క్లాసులో ఎక్కువమంది వదిలేసే ఆయుధం ఇదే. 17ను 19తో భాగిస్తే శేషం 17 అని రాస్తారు, దాన్ని మోసుకుంటూ పోతారు. 17 అంటే 19కి రెండు తక్కువ, అంటే −2. 17²³ను 19తో భాగించమంటే (−2)²³ను చూస్తే చాలు. 

ఎనిమిదేళ్ల పిల్లలకైనా అర్థమయ్యే ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది, తెలుగు సంవత్సరాలు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్ల చుట్టు. 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది. 2025 ఉగాదికి? 2025 − 1987 = 38, ప్రభవ నుంచి 38 అడుగులు ముందుకు వేస్తే ముప్పై తొమ్మిదో పేరు, విశ్వావసు. సరే, మనకు స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం పేరేమిటి? 1947 − 1987 = −40. వెనక్కి నలభై అడుగులు వేయడమూ, ముందుకు ఇరవై వేయడమూ ఈ చుట్టులో ఒకటే. −40 ≡ 20 (మాడ్ 60). ఇరవై ఒకటో పేరు సర్వజిత్తు. 1947 ఆగస్టు 15 సర్వజిత్తు నామ సంవత్సరంలోనే వచ్చింది. ఉగాదికి ముందు పడే జనవరి, ఫిబ్రవరి తేదీలైతే ఒకటి తగ్గించాలి, అది మర్చిపోవద్దు.

ఇక మీరు అడిగిన 7²²² సంగతి. 100తో భాగించాలి, అంటే చివరి రెండంకెలు కావాలి. నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: చిన్న పవర్లలో 1 గానీ −1 గానీ దొరుకుతుందేమో ముందు వెతుకు. 7² = 49. 49×49 = 2401, చివరి రెండంకెలు 01. దొరికింది. నాలుగేసి ఏడులు కలిస్తే 1. 222 = 4×55 + 2. మిగిలింది 7², జవాబు 49. ఇక్కడ సూత్రాలేవీ వాడలేదు, గమనించండి.

వెతికినా వెంటనే దొరకనప్పుడు ఫెర్మా సిద్ధాంతం ఉంది. 1640లో ఒక ఉత్తరంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా రాశాడు, దాదాపు వందేళ్ల తర్వాత 1736లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త రుజువు ఇచ్చాడు. భాజకం ప్రధాన సంఖ్య అయి, పవర్ కింద ఉన్న సంఖ్య దాని గుణిజం కాకపోతే, భాజకం కంటే ఒకటి తక్కువ పవర్ దగ్గర శేషం తప్పకుండా 1 వస్తుంది. 19కి అయితే 18. పైన వదిలేసిన (−2)²³లో 23 బదులు 5 వేయొచ్చు, ఎందుకంటే 23 = 18 + 5. (−2)⁵ = −32. 38 కలిపితే 6. అదే జవాబు. పవర్‌ను ఎప్పుడూ తగ్గించకూడదని నేను అనలేదు, భాజకంతో తగ్గించకూడదన్నాను. దాని చుట్టు ఎంతో చూసి దాంతో తగ్గించాలి.

ఇంకో మాట. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఫెర్మాను వాడకండి. 9తో భాగించే లెక్కలో 8వ పవర్‌కు 1 రాసేసి మార్కు పోగొట్టుకున్నవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. 2⁸ = 256, 9తో భాగిస్తే శేషం 4. 1 కాదు.

భాజనీయతా సూత్రాలు మీ నోట్సులో రెండు పేజీలు ఉండుంటాయి. వాటి వెనక ఉన్నదొకటే, 10 ఎక్కడ నిలబడుతుంది అన్న ప్రశ్న. 9 దగ్గర 10 అంటే 1. కాబట్టి 10, 100, 1000 అన్నీ 1లే, అంకెల్ని ఊరికే కూడితే చాలు. 11 దగ్గర 10 అంటే −1. కాబట్టి కుడి నుంచి ఒకటి కూడి, ఒకటి తీసేస్తూ పోతాం. 7కు సూత్రం లేదని చాలామంది అనుకుంటారు, చక్కగా ఉంది. 7×11×13 = 1001. అంటే 7, 11, 13 మూడింటి దగ్గరా 1000 అంటే −1. మూడేసి అంకెల ముక్కలు చేసి, కుడి నుంచి ఒకటి కూడి ఒకటి తీసేయండి.

మా ద్వారకానగర్ పిన్‌కోడే తీసుకుందాం, 530016. ముక్కలు 530, 016. కుడి నుంచి 16 − 530 = −514. ఈ ఒక్క సంఖ్యతో మూడు జవాబులు వస్తాయి. 514ను 7తో భాగిస్తే 3 మిగులుతుంది, రుణం కాబట్టి −3, అంటే 4. 11తో భాగిస్తే 8 మిగులుతుంది, −8 అంటే 3. 13తో అయితే 7 మిగులుతుంది, −7 అంటే 6. కావాలంటే కాగితం మీద భాగహారం చేసి సరిచూసుకోండి. మా కొత్త బ్యాచ్‌కి మొదటి రోజు ఇచ్చే హోంవర్కు ఇదే, ఎవరి ఊరి పిన్‌కోడ్‌తో వాళ్లు చేసుకురావాలి. అనకాపల్లి వాళ్లు, విజయనగరం వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఎవరి నంబరు వాళ్లు తెస్తారు, పక్కవాళ్లది చూసి రాయడానికి వీలుండదు.

ఇప్పుడు రెండో హెచ్చరిక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. చదువుకున్నవాళ్లు కూడా జారేది ఇక్కడే. 14, 8 రెండింటినీ 6తో భాగిస్తే శేషం 2, కాబట్టి 14 ≡ 8 (మాడ్ 6). రెండు వైపులా 2తో కొట్టేస్తే 7, 4. ఇవి 6 దగ్గర ఒకటేనా? 7కు శేషం 1, 4కు శేషం 4. కాదు. ఎందుకు చెడిందంటే, మనం కొట్టేసిన 2కూ భాజకం 6కూ ఉమ్మడి కారణాంకం ఉంది. అప్పుడు భాజకాన్ని కూడా ఆ ఉమ్మడి కారణాంకంతో తగ్గించాలి. 7 ≡ 4 (మాడ్ 3), ఇది నిజం. ఉమ్మడి కారణాంకం లేకపోతే నిశ్చింతగా కొట్టేయండి.

పరీక్షలో ఇది వేరే రూపంలో వస్తుంది. 2⁵⁰ను 24తో భాగిస్తే శేషం ఎంత? చాలామంది 2⁵⁰/24 అని రాసి, పైనా కిందా 8 కొట్టేసి, 2⁴⁷ను 3తో భాగిస్తారు. 3 దగ్గర 2 అంటే −1, బేసి పవర్ కాబట్టి −1, అంటే 2. జవాబు 2 అని గీత పెడతారు. ఆప్షన్లలో 2 తప్పకుండా ఉంటుంది, పేపరు తయారుచేసేవాళ్లకు ఈ తప్పు బాగా తెలుసు. కొట్టేసిన దాన్ని శేషానికి తిరిగి గుణించాలి. 2×8 = 16. శేషం 16. ఎందుకో సామాన్లతో ఆలోచిస్తే తెలుస్తుంది: ఎనిమిదేసి చొప్పున కట్టలు కట్టి, కట్టల్ని మూడేసిగా పంచితే రెండు కట్టలు మిగిలాయి. రెండు కట్టలంటే పదహారు వస్తువులు.

గ.సా.భా. చూడమనే ఈ మాట పరీక్షకే పరిమితం కాదు. విశాఖలో ఏ రైల్వే గేటు దగ్గరైనా గూడ్సు బండి వెళ్తుంటే వ్యాగన్ల మీద 11 అంకెల నంబరు చూడండి. చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టింది. ఎడమ నుంచి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల అంకెల్ని కూడి 3తో గుణిస్తారు. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది స్థానాల అంకెల్ని కూడి దానికి కలుపుతారు. ఆ మొత్తాన్ని పది గుణిజం చేయడానికి ఎంత కావాలో అది పదకొండో అంకె. నేను అల్లిన నంబరు ఒకటి: 2208143576. సరి స్థానాల్లో 2, 8, 4, 5, 6, మొత్తం 25, మూడు రెట్లు 75. బేసి స్థానాల్లో 2, 0, 1, 3, 7, మొత్తం 13. అంతా కలిపి 88. 90కి రెండు తక్కువ, కాబట్టి చివరి అంకె 2.

3నే ఎందుకు తీసుకున్నారు? 2 తీసుకుంటే ఏం? 2కూ 10కూ ఉమ్మడి కారణాంకం ఉంది. ఒక అంకె పొరపాటున 1 బదులు 6 పడితే తేడా 5, దాన్ని 2తో గుణిస్తే 10, అంటే సున్నా. తప్పు పట్టుబడదు. 3కూ 10కూ ఉమ్మడిగా ఏమీ లేదు కాబట్టి ఏ ఒక్క అంకె తప్పుపడినా దొరికిపోతుంది. కానీ ఈ పద్ధతికీ ఒక సందు ఉంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తంలో వచ్చే మార్పు వాటి తేడాకు రెండింతలు. కాబట్టి 1, 6 లాగా తేడా 5 ఉన్న జంట తారుమారైతే ఇది పట్టుకోలేదు. మా పాత విద్యార్థి ఒకరు పోర్టులో కంటైనర్ల నంబర్లు ఎక్కించే పనిలో ఉన్నారు. కంటైనర్లకు వాడేది 11తో భాగించే పద్ధతి. 11 ప్రధాన సంఖ్య కావడం వల్ల అక్కడ పక్క అంకెల తారుమారు చాలా బాగా దొరుకుతుందని నేను చెబితే, రోజూ చేసే పనిలో ఇంత లెక్క ఉందా అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మరీ అడిగారు. నాకు ఆ రోజు నిద్రపట్టలేదు, అంత సంతోషం.

రెండు మూడు భాజకాలు, రెండు మూడు శేషాలు ఇచ్చి సంఖ్య కనుక్కోమనే లెక్కలకు ఒకటి చెబుతాను. ముందు శేషాలన్నీ భాజకాల కంటే ఒకే అంత తక్కువగా ఉన్నాయేమో చూడండి. 4తో భాగిస్తే 3, 5తో 4, 6తో 5 మిగిలే కనిష్ఠ సంఖ్య అంటే, మూడింటి దగ్గరా అది −1. కాబట్టి క.సా.గు. 60లోంచి ఒకటి తీసేయండి, 59. అలా కలవకపోతే పెద్ద భాజకంతో నడవండి. 7తో 3, 11తో 5 కావాలంటే 5, 16, 27, 38 అని పదకొండేసి పెంచుతూ ప్రతిదాన్నీ 7తో చూడండి. 38 దగ్గర 3 వస్తుంది. ఆ తర్వాత 77కి ఒకటి చొప్పున. మూడంకెల్లో పెద్దది కావాలంటే 38 + 77×12 = 962. పెద్ద సంఖ్యలకు దీన్నే పద్ధతిగా చేసే దారి ఆర్యభటుడు 499లో ఇచ్చాడు, తర్వాతివాళ్లు దాన్ని కుట్టకం అన్నారు. కుట్టకం అంటే దంచడం. సంఖ్యల్ని దంచి దంచి చిన్నవి చేసుకుంటూ పోవడమే అందులో జరిగేది.

భాజకాలకు ఉమ్మడి కారణాంకం ఉంటే మాత్రం అసలు జవాబే ఉండకపోవచ్చు. 4తో 1, 6తో 2 మిగలాలంటే ఆ సంఖ్య బేసీ కావాలి, సరీ కావాలి. ఇలాంటివి ‘ఏదీ కాదు’ ఆప్షన్‌తో ఇస్తారు.

ఫ్యాక్టోరియల్ మొత్తాల లెక్కలు చూస్తే కంగారుపడతారు కానీ అవి చాలా తేలిక. 1! + 2! + 3! … + 100!ను 12తో భాగించమంటే, 4! = 1×2×3×4 = 24 నుంచి అన్నీ 12కు గుణిజాలే. మొదటి మూడే మిగులుతాయి, 1 + 2 + 6 = 9.

సాధన కోసం మూడు. ఒకటి, 5¹⁰⁰ను 13తో భాగిస్తే శేషం. రెండు, 10¹⁵ను 28తో భాగిస్తే శేషం. మూడు, 8తో 5, 9తో 6, 12తో 9 మిగిలే కనిష్ఠ సంఖ్య. మొదటిదానికి 5² దగ్గర ఒక్క క్షణం ఆగండి, రెండోదానికి 4 కొట్టేసే ముందు పైన చెప్పిన కట్టల మాట గుర్తుచేసుకోండి. జవాబులు 1, 20, 69. రెండోది 5 వస్తే తిరిగి గుణించడం మర్చిపోయినట్టు. ఇంకేదైనా వస్తే మీ స్టెప్పులన్నీ ఇక్కడే పెట్టండి, ఎక్కడ జారిందో చూసి చెబుతాను.